ప్రోస్టేట్ తీసేశాక మూత్రం మళ్లీ అదుపులోకి రావడం: నా అనుభవం

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రోబో ఆపరేషన్ చేయించుకుని ఊరికొచ్చినవాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్లంతా "మొత్తం పోయిందన్నారా?" అని క్యాన్సరు సంగతే అడుగుతారు. మంచమ్మీద ఉన్నవాడి బుర్రలో తిరిగేది వేరే సంగతి. లేచి నిలబడితే కారిపోతున్న ఈ మూత్రం ఎప్పటికి ఆగుతుంది? అది ఎవర్నీ నోరు తెరిచి అడగలేడు. పాలకొల్లులో మందుల షాపు నడిపినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నని కౌంటరు అవతలి నుంచి చాలాసార్లు విన్నాను. తర్వాత అదే ఆపరేషన్ నాకూ జరిగింది. సొంత గోడు పక్కన పెట్టి, ఈ దారిలో ఎక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, ఏం చేస్తే మేలో రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీరాలి. మన ఊళ్లలో ప్రోస్టేట్ ఆపరేషన్ అంటే ఎక్కువమందికి తెలిసింది మూత్రసంచి కింద ఉండే ఈ గ్రంథి వయసుతో ఉబ్బితే, దాన్ని మూత్రం దారిలోంచే గీకి తీసేది. అందులో గ్రంథి లోపలి భాగమే పోతుంది, బయటి పెంకు ఉంటుంది, మూత్రం పోవడానికి వేసిన పైపు రెండు మూడు రోజుల్లో తీసేస్తారు. "మా బావగారికి మూడోరోజే తీసేశారు, నీకేంటి ఇంకా ఉంచారు" అనే మాటలన్నీ ఈ తేడా తెలియక వచ్చేవే. క్యాన్సర్‌కి చేసేదాంట్లో గ్రంథి పెంకుతో సహా పోతుంది, వెనకున్న వీర్యకోశాలు పోతాయి, గ్రంథి మధ్యలోంచి దిగే మూత్రనాళం ముక్క కూడా పోతుంది. మూత్రసంచిని కిందికి దించి, మిగిలిన నాళానికి చుట్టూ కుట్టేస్తారు. ఆ అతుకు మానేదాకా పైపు కదలకూడదు.

మూత్రాన్ని ఆపేవి మగవాడికి రెండున్నాయి. ఒకటి మూత్రసంచి మెడ దగ్గర. అది మన ప్రమేయం లేకుండా రాత్రీ పగలూ మూసుకుని ఉంటుంది. రెండోది ప్రోస్టేట్‌కి కింద, నాళం చుట్టూ ఉండే కండరం. దాన్ని మనం కావాలనుకుని బిగించగలం. మన కాలవల భాషలో చెప్పాలంటే ఒకే తూముకి రెండు తలుపులు: పైది ఎప్పుడూ దించే ఉంటుంది, కిందది అవసరానికి. ఆపరేషన్లో పై తలుపు చాలావరకు పోతుంది. అప్పటిదాకా ఎప్పుడో ఒకసారి పనిచేసిన కింది తలుపు ఒక్కసారిగా ఇరవైనాలుగు గంటల కాపలాకి దిగాలి. పైపు తీసిన రోజు నుంచి కారడానికి అసలు కారణం ఇది. క్యాన్సరు మిగిలిందనో, కుట్లు ఊడాయనో దానికి అర్థం కాదు.

రోబో అనే పేరుకంటే లోపల ఏం మిగిల్చారన్నది ముఖ్యం

రోబో తనంతట తాను కోయదు. సర్జన్ పక్కన కన్సోల్ (రోబోని నడిపే బల్ల) దగ్గర కూర్చుని తన చేతులు కదిపితే, పొట్టలోకి పెట్టిన సన్నటి పరికరాలు ఆ కదలికనే చిన్నది చేసి, వణుకు లేకుండా చేస్తాయి. పది రెట్ల దాకా పెద్దదిగా, లోతు తెలిసేలా కనిపిస్తుంది. మొదటి రోబో ప్రోస్టేట్ ఆపరేషన్ 2000లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. దాన్ని పద్ధతిగా తీర్చిదిద్ది, వేలమందికి చేసి చూపించింది అమెరికాలో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో డాక్టర్ మణి మీనన్ బృందం. అక్కడి యూరాలజీ సంస్థ మన తెలుగువాడైన రాజ్ వట్టికూటి విరాళంతో ఏర్పడింది, ఆయన పేరే దానికుంది. అందుకే ఈ ఆపరేషన్ పద్ధతుల్లో ఒకదానికి వట్టికూటి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మూత్రం తొందరగా ఆగడానికి సర్జన్ చేతిలో ఉన్న సంగతులు కొన్ని ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు అడగాల్సినవీ ఇవే.

మొదటిది నాళం పొడవు. ప్రోస్టేట్ కొసకీ, కింది కండరానికీ మధ్య ఉండే నాళం ఎంత పొడవుగా మిగిలితే బిగించడానికి అంత చోటు దొరుకుతుంది. ఎం.ఆర్.ఐ.లో ఈ పొడవు కొలవచ్చు. మనిషి మనిషికీ చాలా తేడా ఉంటుంది, ఎక్కువమందికి ఒక సెంటీమీటరుకీ ఒకటిన్నర సెంటీమీటర్లకీ అటూ ఇటూ. పొట్టిగా పుట్టినవాళ్లకి ఎంత మంచి సర్జన్ చేసినా ఆలస్యం కావచ్చు. గ్రంథి కొస దగ్గర కోసేటప్పుడు ఒక్క మిల్లీమీటరు పైకి జరిగితే క్యాన్సరు మిగిలే ప్రమాదం, కిందికి జరిగితే నాళం పోతుంది. రోబో పెద్దది చేసి చూపించడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

రెండోది మూత్రసంచి మెడ. గ్రంథిని సంచి నుంచి విడదీసేటప్పుడు మెడ చుట్టూ ఉన్న కండరాన్ని గరాటులా కాపాడుకుంటూ రావచ్చు. గ్రంథి మధ్య తమ్మె సంచిలోకి పొడుచుకొచ్చినవాళ్లకీ, అంతకుముందు గీకే ఆపరేషన్ అయినవాళ్లకీ అది కష్టం, మెడ వెడల్పుగా తెరుచుకుపోతుంది. అప్పుడు దాన్ని కుట్టి చిన్నది చేసి అతకాలి.

మూడోది నరాలు. గ్రంథికి రెండు పక్కలా అంటుకుని పోయే నరాల కట్టలు అంగస్తంభనకి అని ఎక్కువమంది అనుకుంటారు. మూత్రం ఆగడానికి కూడా వాటిని కాపాడటం సాయపడుతుంది. వాటిని వదిలేసి గ్రంథి తీయొచ్చని 1982లో బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్యాట్రిక్ వాల్ష్ చేసి చూపించాడు. క్యాన్సరు ఆ పక్కనే పెంకు దాటితే మటుకు నరాలు వదులుకోవాల్సిందే. దాంట్లో బేరం పనికిరాదు.

ఇక కుట్టే విధానం. సంచినీ నాళాన్నీ అతికే ముందు వెనకవైపు ఉన్న పొరలని కలిపి ఒక వరస కుడతారు. దాన్ని ఇటలీ సర్జన్ పేరుమీద రొక్కో కుట్టు అంటారు. దానివల్ల అతుకు మీద లాగుడు తగ్గుతుంది, కింది కండరానికి వెనక ఆనుకునేందుకు దన్ను దొరుకుతుంది. మొదటి నెలల్లో లాభం కనిపిస్తుందని కొన్ని పరిశీలనలు, ఏడాది నాటికి పెద్ద తేడా ఉండదని ఇంకొన్ని చెబుతాయి. నా మట్టుకు నాకు, ఖర్చు లేని కుట్టు కాబట్టి వేస్తేనే నయం అనిపిస్తుంది.

బాగా చర్చ నడిచింది అయిదోదాని మీద, అంటే గ్రంథి దగ్గరికి వెళ్లే దారి మీద. మామూలుగా సర్జన్ మూత్రసంచిని పొట్ట ముందు గోడ నుంచి విడదీసి, ముందువైపు నుంచి గ్రంథి దగ్గరికి వెళ్తాడు. అలా వెళ్లినప్పుడు గ్రంథిని ఎముకకి పట్టి ఉంచే తాళ్లలాంటి పొరలూ, పైనున్న సిరలూ కోయాలి. మిలాన్‌లో బొచ్చార్ది బృందం 2010లో వెనకవైపు నుంచి, సంచి కింద నుంచి వెళ్లి ముందున్నవేవీ తాకకుండా గ్రంథి తీసే పద్ధతిని ప్రచురించింది. దాన్ని రెట్జియస్ జాగాని (మూత్రసంచికి ముందున్న ఖాళీని) కాపాడే పద్ధతి అంటారు. డెట్రాయిట్‌లో 120 మందిని చెరిసగం చేసి పోల్చి 2017లో చెప్పిన లెక్క ఇది: పైపు తీసిన వారానికి, ప్యాడ్ లేకుండా లేదా భయానికి ఒక పల్చటి ప్యాడ్‌తో ఉన్నవాళ్లు కొత్త పద్ధతిలో 71 శాతం, పాతదాంట్లో 48 శాతం. మూడు నెలలకి 95, 86. ఏడాదికి తేడా దాదాపు చెరిగిపోయింది. అంటే తొందరగా ఆగుతుంది, చివరికి ఎంతమందికి ఆగుతుందన్నది ఇంచుమించు ఒకటే. ఇంకో వైపు కూడా ఉంది. గ్రంథి ముందుభాగంలో క్యాన్సరు ఉన్నప్పుడు ఈ దారిలో వెళ్తే అంచున కణాలు మిగిలే అవకాశం గురించి సర్జన్లు జాగ్రత్త పడతారు. అందుకని "నాకు ఆ పద్ధతే చెయ్యండి" అని పట్టుబట్టడం కంటే "నా గడ్డ ఎక్కడుంది, ఆ పద్ధతి నాకు కుదురుతుందా, మీరు రోజూ చేసేది ఏది?" అని అడగడం మంచిది. చేయి తిరిగిన పాత పద్ధతి, అలవాటు లేని కొత్త పద్ధతి కంటే ఎప్పుడూ మేలే.

ఇవి కాక మన ఒంట్లోనే ఉన్న కారణాలు: డెబ్బై దాటిన వయసు, పొట్ట, షుగరు, అంతకుముందే రేడియేషన్. వయసుని ఏమీ చేయలేం. తేదీ ఇచ్చాక దొరికే వారాల్లో బరువు కొంచెం తగ్గడం, చుట్ట మానడం, మలబద్ధకం సరిచేసుకోవడం చేతిలో పనే. చుట్ట తాగేవాడి దగ్గు ఆపరేషన్ అయ్యాక ప్రతిసారీ ప్యాడ్ తడుపుతుంది.

కళ్లలో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ అంతసేపూ తల కిందికి, కాళ్లు పైకి బాగా వంచి ఉంచుతారు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. లేచాక ముఖం ఉబ్బి ఉండటం, పొట్టలోకి నింపిన గ్యాసు వల్ల భుజం లాగడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతాయి.

పైపుతో ఊరికి

మన వైపు నుంచి చాలామంది రోబో ఆపరేషన్‌కి హైదరాబాదో, విశాఖపట్నమో వెళ్తుంటారు. రెండు మూడు రోజులకి ఇంటికి పంపేస్తారు, పైపు మటుకు వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఉంటుంది. నర్సాపురం రాత్రి రైలైతే కింది బెర్తు తీసుకోవాలి. బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందే వేలాడాలి, పైన పెడితే మూత్రం వెనక్కి నడుస్తుంది. పైపుని తొడకి ప్లాస్టరుతో అంటించి కొంచెం వదులు ఉంచాలి. సీటు మీద నుంచి లేచేటప్పుడు పైపు దేనికో తగులుకుని లాగిందంటే లోపల అతుకు మీద లాగినట్టే. బ్యాగు మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చెయ్యాలి. పైపుకీ బ్యాగుకీ మధ్య అతుకుని ఊరికే విప్పకూడదు, చీము పట్టేది అక్కడ నుంచే.

మూత్రం లేత ఎరుపుగా, మలవిసర్జనకి వెళ్లొచ్చాక ఇంకొంచెం ఎరుపుగా ఉండొచ్చు. నీళ్లు తాగితే తేలిపోతుంది. గడ్డలు కట్టి పైపులో ఆగితే, రెండు మూడు గంటలుగా బ్యాగులోకి చుక్క రాకపోతే, పొత్తికడుపు బిగుసుకుంటే ఆగకుండా ఫోను చెయ్యాలి. ముందు పైపు మడత పడిందేమో చూడండి. ఉన్నట్టుండి పొత్తికడుపు పిండేసినట్టు నొప్పొచ్చి పైపు పక్కనుంచి మూత్రం చిమ్మితే అది సంచి ఈడ్పు. పైపు చివరి బుడగ లోపల గోడకి తగలడం వల్ల వస్తుంది. సోలిఫెనాసిన్ లాంటి మాత్ర ఇస్తారు. దానితో నోరు ఎండుతుంది, మలం గట్టిపడుతుంది. కాబట్టి విరేచనం మెత్తగా అయ్యే మందు పక్కనే ఉండాలి. పైపు తీసే ముందు ఆ మాత్ర ఎప్పుడు మానాలో అడిగి రాసుకోండి. ముక్కడం, ఎనిమా, వేలు పెట్టి పరీక్ష చేయడం ఈ రోజుల్లో పనికిరావు. మలద్వారానికి ఆ అతుకు చాలా దగ్గర.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పైపు జారిపోయినా, మూసుకుపోయినా ఊళ్లో ఆర్.ఎం.పి.తోనో, దగ్గర్లోని ఆసుపత్రి కాంపౌండరుతోనో కొత్త పైపు వేయించకండి. మామూలు మనిషికి పైపు వేయడం చిన్న పనే. పచ్చి అతుకున్న చోట గుడ్డిగా నెడితే అది కుట్ల మధ్యలోంచి సంచి వెనక్కి పోతుంది. ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోను చేసి, ఆయన చెప్పిన యూరాలజిస్టు దగ్గరికే వెళ్లాలి. ఆ నంబరు ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉండాలి.

రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు కొందరికి నాలుగు వారాల దాకా రాస్తారు. ఒకే చోట వేయొద్దు, వేశాక రుద్దొద్దు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పెడితే అదే రోజు చూపించుకోవాలి. వృషణాలు వాచి నల్లబడటం చూసి భయపడతారు గానీ, తువ్వాలు చుట్టి కింద దన్ను పెడితే కొద్ది రోజుల్లో దిగుతుంది.

పైపు ఉన్నన్నాళ్లూ బిగించే వ్యాయామం చెయ్యకూడదు. అది ఆపరేషన్‌కి మూడు నాలుగు వారాల ముందు నేర్చుకోవాలి, పైపు తీశాక మళ్లీ మొదలెట్టాలి. ముందే నేర్చుకున్నవాడికి ఏ కండరమో తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక మొద్దుబారిన చోట దాన్ని వెతుక్కోవడం చాలా కష్టం.

పైపు తీశాక

పొద్దున్నే తీయించుకుని, అక్కడే రెండు మూడుసార్లు మూత్రానికి వెళ్లి, ధార సరిగా వస్తుందని చూసుకున్నాక బయల్దేరాలి. అదే రోజు మధ్యాహ్నం బండికి టికెట్ పెట్టుకోవద్దు. ప్యాంటులా తొడుక్కునే డైపర్లు నాలుగైదు, ముదురు రంగు లుంగీ, కవర్లు వెంట ఉండాలి.

మొదట్లో పడుకుంటే ఆగుతుంది, లేచి నిలబడితే జారిపోతుంది. దగ్గితే, తుమ్మితే, నవ్వితే, కుర్చీలోంచి లేస్తే కారుతుంది. పొద్దున్న బాగుంటుంది, సాయంత్రానికి వరదే. ఆ కండరం కొత్త కాపలాకి అలిసిపోతుంది, సాయంత్రం ఓడిపోతుంది. మెరుగయ్యే వరస కూడా ఇంచుమించు అందరికీ ఒకటే: ముందు రాత్రి పొడి, తర్వాత కూర్చున్నప్పుడు, తర్వాత నడిచేటప్పుడు, ఆఖరున సాయంత్రం పూట బరువెత్తితే. ఏడాది నాటికి పదిమందిలో ఇంచుమించు తొమ్మిదిమంది ప్యాడ్ లేకుండానో, జాగ్రత్తకి ఒకదానితోనో ఉంటారు. "మూడు నెలల్లో ఆగిపోతుంది" అని ఎవరైనా గీత గీసి చెబితే దాన్ని గోడకి రాసుకోకండి.

ఎంత కారుతోందో భయంతో కొలవొద్దు, తక్కెడతో కొలవండి. వంటింట్లో వాడే ఒక గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా చాలు. పొడి ప్యాడ్ బరువు రాసుకోవాలి. ఇరవైనాలుగు గంటల్లో వాడినవన్నీ మూత బిగిసే కవర్లో వేసి తూయాలి, లేకపోతే తడి ఆరిపోయి లెక్క తప్పుతుంది. పొడి బరువులు తీసేస్తే మిగిలిన ఒక్కో గ్రాము ఒక్కో ఎం.ఎల్. మూత్రం. 100 గ్రాముల లోపైతే తక్కువ, 400 దాటితే ఎక్కువ కింద లెక్క. రోజూ తూస్తే మనసు పాడవుతుంది, వారానికొకసారి ఒకే రోజున చాలు. రోజుకి నాలుగు ప్యాడ్లనే మాట డాక్టరుకి ఏమీ చెప్పదు. ఒకడు చుక్క పడగానే మారుస్తాడు, ఇంకొకడు బరువెక్కి జారేదాకా ఉంచుతాడు. గ్రాముల కాగితం చూపిస్తే మాట సూటిగా వెళ్తుంది.

ఇప్పుడు వ్యాయామం. ఎక్కువమందికి "గ్యాసు ఆపుకున్నట్టు బిగించండి" అని చెబుతారు. అలా చేస్తే మలద్వారం కండరమే ఎక్కువ బిగుస్తుంది. మనకి కావాల్సింది ముందున్నది. అంగాన్ని లోపలికి లాక్కుని పొట్టి చేస్తున్నట్టు, వృషణాలని పైకి ఎత్తుతున్నట్టు అనుకుని చెయ్యాలి. అద్దం ముందు నిలబడితే అంగం మొదలు లోపలికి కదలడం, వృషణాలు కొంచెం లేవడం కనిపించాలి. పిరుదులు బిగిసినా, పొట్ట ముందుకు తోసుకొచ్చినా, ఊపిరి బిగబట్టినా అది తప్పు. ఊపిరి బిగబడితే పై నుంచి ఒత్తిడి సంచి మీద పడి ఇంకా కారుతుంది. ఒకటి రెండు మూడు అని పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

మొదట పడుకుని, అయిదు సెకన్లు బిగించి పది సెకన్లు పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామమే. అలాంటివి పది, తర్వాత చటుక్కున బిగించి వదిలేవి పది. రోజుకి మూడు పూటలు. కుదిరాక పది సెకన్ల దాకా పెంచి, కూర్చుని, తర్వాత నిలబడి చెయ్యాలి. చాలామంది పడుకునే దశలోనే ఆగిపోతారు. కారేది నిలబడ్డప్పుడు కదా, కాబట్టి నిలబడి చేసేదే అసలు పని. ఇంకొందరు ఉత్సాహంతో రోజుకి మూడొందలు చేస్తారు, మర్నాడు ఎక్కువ కారుతోందని దిగులు పడతారు. అలిసిన కండరం చేసే పని అదే మరి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం ఏ కండరమో తెలుసుకోవడానికి ఒకసారి చేస్తే చాలు, రోజూ చేస్తే సంచి పూర్తిగా ఖాళీ అవ్వడం పాడవుతుంది.

వ్యాయామం కంటే తొందరగా ఫలితమిచ్చేది ముందు బిగింపు. దగ్గు వచ్చేముందు, తుమ్ముకి ముందు, మంచం మీద నుంచి లేచేముందు, మెట్టెక్కేముందు ఒక్క క్షణం బిగించి ఆ పని చెయ్యాలి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు అడుగు పైకి వేయడానికి ముందే బిగించుకున్నవాడికీ, ఎక్కాక గుర్తొచ్చినవాడికీ తేడా ప్యాడ్ చెబుతుంది. వీలుంటే పురుషుల మూత్ర సమస్యలు తెలిసిన ఫిజియోథెరపిస్టుకి ఒక్కసారైనా చూపించుకోండి. తప్పు కండరం బిగిస్తూ నెలలు గడిపేసేవాళ్లు ఎక్కువ.

మూత్రం పోశాక ప్యాంటులోకి పడే ఆఖరి చుక్కలు వేరే సంగతి. నాళం వంపులో నిలిచినవి అవి. వృషణాల వెనక రెండు వేళ్లతో నొక్కి ముందుకు తోసి దులిపితే వచ్చేస్తాయి.

నీళ్లు మానేయడం మన ఎండల్లో చేసే పెద్ద పొరపాటు. చిక్కటి మూత్రం సంచిని గిల్లుతుంది, మాటిమాటికీ వచ్చినట్టుంటుంది, చీము పట్టే వీలూ ఎక్కువ. మామూలు రోజుల్లో లీటరున్నర నుంచి రెండు లీటర్లు, రోహిణి కార్తెలో ఇంకా ఎక్కువ. మూత్రం లేత గడ్డిరంగులో ఉండాలన్నది కొలత. కొబ్బరినీళ్లు, మజ్జిగ పగలు తాగండి, రాత్రి పడుకోబోయే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. టీ, కాఫీ కొందరికి బాగా తేడా చేస్తాయి. వారం మానేసి తూచి చూస్తే తెలుస్తుంది. మద్యం తాగితే కండరం సడలుతుంది, మూత్రమూ పెరుగుతుంది, ఆ రాత్రి డైపరు చాలదు. భయంతో అరగంటకోసారి బాత్రూంకి వెళ్లడం అలవాటు చేసుకోవద్దు, సంచి చిన్నదైపోతుంది. రెండు మూడు గంటలు ఆగేలా మెల్లగా పెంచాలి.

లుంగీ మన ఉక్కకి హాయే కానీ, దాని కింద బిగుతైన బ్రీఫ్ లేకపోతే ప్యాడ్ నిలవదు. తక్కువ కారే దశకి వచ్చాక డైపరు మానేసి ముందుభాగంలో అంటించే మగవాళ్ల ప్యాడ్ వాడితే ఖర్చూ ఉక్కా తగ్గుతాయి. మన టౌన్లలో దొరకకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఆడవాళ్ల నాప్కిన్లు సర్దుకోవడానికి పనికొస్తాయి, పల్చటి ధార ఒక్కసారిగా వస్తే పక్కనుంచి పోతుంది. గజ్జల్లో ఎర్రబడితే కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయాలి. కొబ్బరినూనె దట్టంగా పూస్తే అది ప్యాడ్‌కి అంటుకుని పీల్చే గుణం పోతుంది. అంచులు గుండ్రంగా ఎర్రబడి దురద పెడితే తామర, స్టిరాయిడ్ కలిసిన ట్యూబులు రాయొద్దు. వాడిన ప్యాడ్లు దయచేసి కాలవలో వెయ్యకండి, చుట్టి పంచాయతీ బండికి ఇవ్వండి. దిగువ ఊరివాళ్లు ఆ నీళ్లే తోడుకుంటారు.

ఆరు వారాల పాటు అయిదు కిలోలు దాటి ఎత్తకూడదు. నిండు బిందె, కొబ్బరి గెల, రొయ్యల మేత బస్తా, ఏవీ వద్దు. ధాన్యం బస్తా సంగతి చెప్పనక్కరలేదు. పొట్ట మీద పెద్ద గాయం బొడ్డు దగ్గరిది, కోసిన గ్రంథిని కవరులాంటి దాంట్లో పెట్టి బయటికి తీసేది అక్కడే, హెర్నియా వచ్చేదీ అక్కడే. గట్టు రోడ్ల మీద మోటారు సైకిలు నాలుగైదు వారాలు, సైకిలు సీటు మూడు నెలలు మానితే మంచిది. నేలబారు దొడ్డిలో కూర్చుని ముక్కడం, లేవడం రెండూ కారడాన్ని పెంచుతాయి, కొన్నాళ్లు కమోడ్ కుర్చీ తెచ్చుకోండి.

అంగస్తంభన దారి వేరు, నెమ్మదైనది, రెండేళ్ల దాకా పట్టొచ్చు. సంభోగ సమయంలో కొంచెం మూత్రం పడటం కూడా ఉంటుంది. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గర కూర్చుని అడిగితే సగం ఇబ్బంది తగ్గుతుంది.

పీఎస్ఏ (ప్రోస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్) పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకి. గ్రంథి లేదు కాబట్టి 0.1 కంటే తక్కువ రావాలి. 0.2కి చేరి, మళ్లీ చేసినా అంతే ఉంటే క్యాన్సరు తిరిగి మొదలైందేమో చూస్తారు. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోవాలి, గ్రంథి ఉన్నవాళ్లకి వాడే 4.0 లెక్కతో "నార్మల్" అని రాసిన రిపోర్టు చూసి ఊరుకోవద్దు. రేడియేషన్ అవసరమైతే, వీలున్నంతవరకు మూత్రం కుదుటపడ్డాకే ఇస్తారు.

ఆగకపోతే

కారడంతోపాటు ధార సన్నబడుతూ, ముక్కి పోయాల్సి వస్తుంటే అతుకు దగ్గర దారి బిగుసుకుపోయి ఉండొచ్చు. దానికి వ్యాయామం మందు కాదు, లోపల చూసి వెడల్పు చెయ్యాలి. ఉన్నట్టుండి తన్నుకొచ్చి బాత్రూం చేరేలోపు పడిపోతే అది సంచి తొందర, మాత్రలతో తగ్గుతుంది. దగ్గుకీ నడకకీ కారేదానికి ఆ మాత్రలు పనిచేయవు. రెండూ ఉన్నవాళ్లు ఏది ఎక్కువో మూడు రోజులు రాసి తీసుకెళ్లాలి. పెళ్లికో ప్రయాణానికో అంగానికి పెట్టే క్లాంపు వాడొచ్చు, రెండు గంటలకోసారి తప్పకుండా తీసి మూత్రానికి వెళ్లాలి, నిద్రలో పెట్టుకోకూడదు. అంగానికి తొడిగి మూత్రాన్ని బ్యాగులోకి పంపే కండోం క్యాథెటర్‌కి మొదటి నెలల్లో అలవాటు పడితే బిగించాల్సిన కండరానికి పనే ఉండదు.

ఆరు నెలలకీ గ్రాముల లెక్క కదలకపోతే ఓపిక పట్టడం మాని యూరాలజిస్టుని కలవాలి. మూత్రసంచి ఒత్తిడి పరీక్ష, లోపల కెమెరా చూపు అయ్యాక, సాధారణంగా ఏడాది చూసి ఆపరేషన్ గురించి మాట్లాడతారు. తక్కువ, ఓ మోస్తరు కారేవాళ్లకి నాళం కింద పట్టీలాంటి స్లింగ్. బాగా కారేవాళ్లకి, రేడియేషన్ అయినవాళ్లకి కృత్రిమ స్ఫింక్టర్, అంటే మూత్రాన్ని ఆపే కండరం బదులు పెట్టే పరికరం. నాళం చుట్టూ నీటితో నిండిన కఫ్, వృషణాల సంచిలో చిన్న పంపు, పొట్టలో ఒత్తిడి నిలిపే బుడగ. మూత్రం వచ్చినప్పుడు పంపు నొక్కితే కఫ్ వదులవుతుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే నిండి మూసుకుంటుంది. పెట్టాక ఆరు వారాలు ఆగి పనిలో పెడతారు. చేతివేళ్లు సరిగా పనిచేయనివాళ్లకీ, మతిమరుపు ఉన్నవాళ్లకీ ఇది కుదరదు. ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి బీమా పాలసీలో ఇంప్లాంట్ పరిమితి ఎంతో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇది పెట్టించుకున్నవాడు ఆ సంగతి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు జేబులో ఉంచుకోవాలి. రేపెప్పుడో స్పృహ లేకుండా అమలాపురంలోనో తణుకులోనో ఏ ఆసుపత్రిలో చేర్చినా, అక్కడివాళ్లు మూత్రానికి పైపు వేయబోతారు. పంపు మీద ఉన్న చిన్న బొత్తాన్ని నొక్కి కఫ్‌ని ఖాళీగా ఆపేయకుండా పైపు నెడితే నాళం చిరుగుతుంది, పరికరం తీసేయాల్సి వస్తుంది. ఆ బొత్తాం ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో భార్యకో, కొడుక్కో, కోడలికో ఒకరికి డాక్టరు చేతే చూపించి నేర్పించండి.